ఒకటీ ముప్పావు

కుతాయిసిలో ఫిబ్రవరి.
జనన మరణాల నమోదు కార్యాలయం మూడో అంతస్తు,
లిఫ్టు పని చెయ్యదు.
తడి బూట్లతో ఎక్కి వెళ్ళేసరికి
నాజిబ్రోలా లేచి తన కుర్చీ నాకిచ్చి
"బొత్తాం పోయింది వఖో" అంది,
కోటుకి ఊడిపోయిన దాని గురించి చెప్పినట్టు.

చూశాను.
తెర నిండా ఏనుగుల్లాంటి అక్షరాలు.
నిజమే, 'భద్రపరచు' లేదు.
కిటికీ అడుగు భాగం తెర గట్టు దాటి
కిందికి జారిపోయింది,
బల్ల చెక్కలోకో,
సొరుగులో ఆవిడ దాచుకున్న అక్రోటు తొక్కల మధ్యకో.

గడులు ఒకదాని భుజాల మీద ఒకటెక్కాయి.
'తల్లి పేరు' వచ్చి 'మరణించిన తేదీ' మీద కూర్చుంది.
నేనిక్కడ నొక్కితే
అరంగుళం అవతల ఇంకేదో ఉలిక్కిపడింది.
మా అక్షరాలు గుండ్రనివి, కింద కొక్కేలు వేలాడేవి.
గడి ఎత్తు చాలక కొక్కేలన్నీ తెగి
ఊళ్ళ పేర్లు రియోనీ వరదలో
నడుందాకా మునిగినట్టున్నాయి.

సెట్టింగులు తెరిచాను.
నూటికి నూట డెబ్బై అయిదు.
అంటే ఒకటీ ముప్పావు.

చుక్కతో చిక్కేమిటంటే
దాన్ని ముప్పావు చెయ్యలేం.
రొట్టె తుంచొచ్చు, ద్రాక్షతోట అన్నదమ్ములకి పంచొచ్చు.
ఒకటీ ముప్పావు చుక్కల గీత గియ్యమంటే మాత్రం
యంత్రం ఒకటి గీసి
మిగతాది బూడిదరంగులో అలికేస్తుంది,
లెక్క తప్పిన పిల్లాడు
నోటుపుస్తకాన్ని తడివేలితో రుద్దినట్టు.
ఈ కిటికీకి కొలతలు రాసినవాణ్ణి నేనెరుగుదును.
వాడి కళ్ళు బంగారం. వాటితోనే కొలిచాడు.

"ఎవరు మార్చారు?"
"నేనే. ద్రాక్ష కోతలప్పుడు. కళ్ళు ఆనడం లేదు."

నాకు తెలిసిన మందు ఒక్కటే.
నూటికి నూరు చేశాను.
గడులు భుజాలు దిగి వరసలో నిలబడ్డాయి.
కొక్కేలు తిరిగొచ్చాయి.
బొత్తాం తన మూలకి తానొచ్చి
ఎక్కడికీ వెళ్ళనట్టు మొహం పెట్టింది.

ఆవిడ ముందుకి వంగింది. ఇంకా వంగింది.
ముక్కు తగిలి గాజు మీద ఆవిరి మచ్చ పడింది.
"బాగానే ఉన్నట్టుంది" అంది.
"చీమలెప్పుడూ వరసగానే పోతాయి."

మాట్లాడకుండా మళ్ళీ ఒకటీ ముప్పావు పెట్టాను.
"మరి ఇన్నాళ్ళూ ఎలా భద్రపరిచారు?"

మౌస్ పక్కకి నెట్టి
ట్యాబ్ మీద చిటికెనవేలు ఆనించి లెక్కపెట్టింది.
ఒకటి, తండ్రి. రెండు, ఊరు. మూడు, సాక్షి.
నాలుగు, కొత్తగా సోమవారం పెట్టిన ఫోన్ నంబరు.
అయిదు, రద్దు.
"ఇదివరకు అయిదే భద్రం.
ఈ ఫోనొచ్చి నా లెక్క తప్పించింది.
ఆ రోజు పదకొండుమందిని
మళ్ళీ మొదటినుంచి కన్నాను."
ఆరు. ఎంటర్.
ఏమీ కనపడని చోట
ఏదో టిక్కుమంది.
మూడు కిలోల రెండొందల గ్రాముల ఆడపిల్ల
లోకంలోకి ఎక్కింది.

"అన్నీ తెలిసి నన్నెందుకు పిలిచారు?"

గోడ వైపు చూసింది కాసేపు.
"రోజూ నొక్కుతానా,
ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని."

తెర వెనక తుప్పు పట్టిన మడతబందు ఒకటుంది,
ఎవరూ తిప్పనిది.
కీచుమంటూ తిప్పి
అడ్డంగా ఉన్న తెరని నిలువుగా నిలబెట్టాను.
కిటికీ అడుగు మెల్లగా పైకొచ్చింది
సగం తెగిన అక్షరాలతో, బూడిదరంగు బొత్తాంతో.

"ఇంతేనా" అంది.
వేలితో గాజు మీద దాన్ని తుడిచింది.

ఇప్పుడు కుడిపక్క తెగింది.
తేదీల్లో రోజూ నెలా మిగిలి
సంవత్సరం గోడలోకి పోయింది.
మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకోబోయాను.

"ఉండనీ వఖో,
ఏ సంవత్సరమో నాకు తెలుసులే."